దాచుకున్న గొంతు

సోమవారం పొద్దున పదకొండూ పదికి తూములపాడులో రెబ్కా ఇంటి గుమ్మం ఎక్కాడు మార్క్. అప్పటికే లోపల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చలమయ్య కుర్చీలో కూర్చుని కేసు మూసేస్తున్నాడు.

మూయడం అంటే పెద్ద పనేం కాదు. ఒక తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఉన్నాయి. తన కూతురు ఫెబా, వయసు ఇరవై, ఇష్టపడే ఇల్లు విడిచి వెళ్లిందనీ, ఇక మీదట విచారణ అక్కర్లేదనీ తల్లి రెబ్కా ఒప్పుకుంటున్నట్టు రాసుకున్నారు. కింద వేలిముద్రకు చోటు వదిలారు. సిరా డబ్బా మూత తీసి ఉంది. రెబ్కా తన బొటనవేలిని కొంగులో చుట్టి దాచుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

మార్క్ ఎవరికీ నమస్కారం పెట్టలేదు. సిరా డబ్బా తీసి, మూత పెట్టి, కిటికీలో పెట్టాడు.

"ఏందయ్యా మార్కూ, పిలవని పేరంటానికి వచ్చావు," అన్నాడు చలమయ్య.

"పిలిచారండీ. ఎవరి వేలు నల్లగా చేద్దామని చూస్తున్నారో ఆవిడే పిలిచింది."

ఇద్దరికీ పాత పరిచయమే. తొమ్మిదేళ్ల కిందట మార్క్ ఇదే చలమయ్య దగ్గర హెడ్ కానిస్టేబుల్. చూడని దాన్ని చూసినట్టు సంతకం పెట్టమంటే పెట్టనని, టోపీ బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. అప్పటి నుంచి గుంటూరులో రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ పని చేసుకుంటున్నాడు. అలవాటు మాత్రం పోలీసుదే. ఏది చూసినా, ఏది విన్నా, టైముతో సహా చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

ఇంకో కుర్చీలో గోపాలకృష్ణ కూర్చుని ఉన్నాడు. చిలకలూరిపేట రోడ్డులో, ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న కారం మిల్లు ఆయనదే. తూములపాడు ఆడవాళ్లు సగం మంది ఆ మిల్లులోనే మిరపకాయలకి తొడిమలు తీస్తారు. ఫెబా కూడా డిగ్రీ పరీక్షలు రాసి, సెలవుల్లో తల్లితో పాటు అక్కడికే పోతోంది. జీపు రిపేరులో ఉందని చలమయ్య ఈ గోపాలకృష్ణ కార్లోనే వచ్చాడు. రెబ్కాని ఓదార్చి పోదామని వచ్చానన్నాడు గోపాలకృష్ణ. ఎక్కువసేపు కూర్చోలేననీ, ఆదివారం మిల్లులో మెయిన్ స్విచ్ తీసేస్తే మళ్లీ ఇవాళ పదకొండున్నరకే మర వేస్తారనీ అన్నాడు. ఆ మాట కూడా మార్క్ రాసుకున్నాడు.

జరిగింది చలమయ్య తన పద్ధతిలో చెప్పాడు. శనివారం రెబ్కాకి జ్వరం వచ్చి పనికి పోలేదు, ఫెబా ఒక్కతే వెళ్లింది. సాయంత్రం ఐదున్నరకు ఆడవాళ్లంతా ఆటో ఎక్కారు. ఫెబా క్యారేజీ మర్చిపోయానని వెనక్కి పోయి, మళ్లీ రాలేదు. పది నిమిషాలు చూసి ఆటో వెళ్లిపోయింది. ఆరు గంటలకు ముందే ఫెబా గేటు దాటి బస్టాపు వైపు నడిచి పోయిందని మిల్లు వాచ్‌మన్ చెప్పాడు. ఆ తర్వాత ఆమె ఫోను తీయలేదు.

ఆదివారం సాయంత్రం ఏడూ పన్నెండుకి ఆమె గొంతు పలికింది.

ఆ ఊళ్లో టీవీలన్నీ గొంతుకే తెరుచుకుంటాయి. ఏడాది కిందట 'గళం' అనే కంపెనీ కేబుల్ లైను వచ్చింది, ప్రతి టీవీకీ ఒక పెట్టె బిగించారు. పాస్‌వర్డ్ అనేదే లేదు. రిమోట్ మీద ఫోను నంబరు నొక్కి, మనం ఎంచుకున్న మాట ఒకటి రిమోట్‌లోకి పలకాలి. గొంతు సరిపోతే సినిమాలు, సీరియళ్లు అన్నీ వచ్చేస్తాయి. చదువు రానివాళ్లకి ఇది బాగా నచ్చింది. ఒక అకౌంట్‌ని ఎక్కడి టీవీలోనైనా తెరుచుకోవచ్చు. కాకపోతే వేరే చోట తెరిస్తే, ఏ ఊళ్లో తెరిచారో ఇంటి టీవీ మీద అక్షరాలు పడతాయి. రెబ్కా ఇంటి టీవీ మీద సింగరాయకొండ అని పడితే పక్కింటివాళ్లు చదివి చెప్పారు. హైవే పక్కన ఒక లాడ్జి. పోలీసులు పోయేసరికి గది ఖాళీ. పుస్తకంలో రాసింది దొంగ పేరు. గది తీసుకున్నవాడు ఒక్కడే కనిపించాడు, ఆడపిల్లని ఎవరూ చూడలేదు.

"వెనక మెట్ల మీంచి వచ్చి ఉంటుంది," అన్నాడు చలమయ్య. "పాస్‌వర్డ్ అయితే ఎవడైనా కొట్టేస్తాడయ్యా. గొంతు ఎట్టా కొట్టేస్తాడు? మీ పిల్ల ఎవడితోనో కూర్చుని సినిమా చూసుకుంటంది. ఈవిడేమో ఇక్కడ మంచినీళ్లు కూడా ముట్టకుండా ఏడుస్తా కూర్చుంది."

రెబ్కా తల వంచుకుంది. మార్క్ నోటుపుస్తకం మూశాడు. మూసిన చప్పుడుకే గోపాలకృష్ణ తల తిప్పి చూశాడు.

"ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి అనమాకండి," అన్నాడు మార్క్.

పదకొండూ ఇరవైకి గఫూర్ స్కూటర్ మీద వచ్చాడు. నాలుగు ఊళ్లకి లైను ఇచ్చేది అతనే. మార్క్ దారిలోంచే ఫోను చేసి, లాప్‌టాప్ పట్టుకుని రమ్మన్నాడు. లాడ్జిలో రిమోట్ విన్న గొంతుని కంపెనీ నిన్న రాత్రే పోలీసులకి పంపింది. గఫూర్ దగ్గర కూడా అది ఉంది. మార్క్ పెట్టమన్నాడు.

"అమ్మా, నేనొచ్చేశా."

ఫెబా ఎంచుకున్న మాట అదే. గొంతు గలగలా ఉంది. చివర్లో చిన్న నవ్వు కూడా ఉంది. రెబ్కా కొంగు నోట్లో కుక్కుకుంది. మార్క్ ఆ ముక్కని మూడుసార్లు పెట్టించుకున్నాడు. లేచి ఇల్లు చూడటం మొదలుపెట్టాడు.

చూడటానికి ఎక్కువ లేదు. ఒక గది, ఒక వంటిల్లు, వెనక బట్టలుతికే బండ. గదిలో కిటికీ పక్కన ఫెబా మంచం. మంచం కింద ట్రంకుపెట్టె, దాని మీద డిగ్రీ పుస్తకాలు. దిండు పక్కన మందు సీసా మూత ఒకటి, అందులో కరక్కాయ ముక్కలు నాలుగు. ఒక ముక్క సగం నమిలి ఉంది.

వెనకాల తీగ మీద తెల్ల చున్నీ ఒకటి ఆరేసి ఉంది. శుక్రవారం ఫెబా పనికి వేసుకుపోయింది అదే, సాయంత్రం రాగానే తనే ఉతికి ఆరేసుకుంది. ఆ తర్వాత దాన్ని తియ్యబుద్ధి కాలేదంది రెబ్కా. చున్నీ అంచు మీద అరచేయంత ఎర్ర మరక. మార్క్ బొటనవేలితో రుద్ది చూశాడు. సబ్బు పెట్టి ఉతికిన గుడ్డ, మూడు రోజులు ఎండలో ఉన్న గుడ్డ. అయినా మరక ఇప్పుడే పడ్డట్టు ఎర్రగా ఉంది. పక్కనే బండ మీద కూడా అదే ఎరుపు. మార్క్ తలెత్తాడు. వెనక గుమ్మంలో గోపాలకృష్ణ నిలబడి ఆ చున్నీనే చూస్తున్నాడు. మంచినీళ్ల కోసం వచ్చానన్నాడు. రెబ్కా ఆయనకి లోటాతో మజ్జిగ ఇచ్చి లోపలికి పంపింది.

మార్క్ ఆ చున్నీని మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత కరక్కాయ మూత తెచ్చి రెబ్కా ముందు పెట్టాడు.

"ఎవరిదమ్మా ఇది?"

తనదేనంది రెబ్కా. దగ్గు వస్తుంటే నమిలానంది.

"నీకు వెనక పళ్లు లేవు. ఈ ముక్క మీద పళ్ల గాట్లు చూడు. గట్టి పళ్లు. నాతో ఎందుకు అబద్ధం చెప్తున్నావు చెల్లెమ్మా?"

ఆమె గఫూర్ వైపు చూసింది, మళ్లీ నేల చూసింది. మార్క్‌కి కోపం నషాళానికెక్కింది. పిల్ల కనపడక రెండు రోజులైంది, తల్లేమో కేబుల్ వాడికి భయపడి నోరు మూసుకుంటోంది. కూతురు కావాలా, టీవీ కావాలా అని అడిగేశాడు. అడిగిన తర్వాత తనకే ఆ మాట బాధనిపించింది గానీ వెనక్కి తీసుకోలేదు.  రెబ్కా మూతలోంచి నమిలిన ముక్క తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఫెబాదే అన్నయ్యా. పనికి పోయిన నాలుగో రోజుకే గొంతు పోయింది. శనివారం పొద్దున నాతో సైగలే చేసింది."

"శనివారం సైగలు చేసిన పిల్ల ఆదివారం అంత గలగలా ఎట్టా పలికింది?"

రెబ్కా కొంగుతో మొహం తుడుచుకుంది.

"మేం గొంతు దాచుకుంటామన్నయ్యా."

అది ఊరు ఊరంతా చేసే పనే. మిరపకాయ దిగిందంటే మిల్లుకి పోయేవాళ్లకీ, కల్లాల్లో ఏరేవాళ్లకీ ఘాటుకి గొంతు బొంగురుపోతుంది. పొద్దంతా దగ్గి దగ్గి ఇంటికి వచ్చి మాట పలికితే, నువ్వు నువ్వు కాదు పొమ్మంటుంది రిమోట్. మూడు నెలలు అదే గోల. అందుకని కాయ దిగకముందే, క్రిస్మస్ రోజుల్లో గొంతులు బాగున్నప్పుడే, ఎవరి మాట వాళ్లు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంటారు. సాయంత్రం పూట ఆ ఫోను రిమోట్ దగ్గర పెట్టి మోగిస్తారు. టీవీ తెరుచుకుంటుంది. ఫెబా కూడా అలాగే పెట్టుకుంది. పోయిన నెల కంపెనీ వాళ్లు కాగితం పంచారు. రికార్డు చేసిన గొంతు వాడితే లైను తీసేస్తామనీ, కేసు పెడతామనీ అందులో రాశారు. రెబ్కా భయం అదే.

మార్క్ గఫూర్ వైపు తిరిగాడు. గఫూర్ చెప్పులు చూసుకుంటున్నాడు.

"నీకు తెలుసు."

"తెలుసు సార్."

"ఎవరు నేర్పారు వీళ్లకి?"

గఫూర్ గొంతు సవరించుకున్నాడు. కాయల సీజన్లో రోజుకి రెండొందల ఫోన్లు వస్తాయనీ, అందరి ఇళ్లకీ తిరగలేక మొదట్లో తనే నలుగురికి చెప్పాననీ ఒప్పుకున్నాడు. ఆదివారం నుంచీ ఆ సంగతి పోలీసులకి ఎందుకు చెప్పలేదని మార్క్ అడిగితే, వాళ్లు అడగలేదన్నాడు. మార్క్ అతని చొక్కా పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"విన్నారు కదండీ," అన్నాడు చలమయ్యతో. "సింగరాయకొండలో పలికింది పిల్ల కాదు. పిల్ల ఫోను. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో వాడే ఈ పిల్ల సుఖంగా ఉందని మనందరినీ నమ్మిద్దామని చూశాడు. మీరు నమ్మారు."

చలమయ్య కాలు మీద కాలు తీయలేదు.

"ఆ ఫోను పిల్ల దగ్గరే ఎందుకు ఉండకూడదు? గొంతు పోయింది కాబట్టే ఫోన్లోది మోగించుకుంది. రోజూ ఇంట్లో చేసే పనే లాడ్జిలోనూ చేసింది. అయిపోయింది. నువ్వు కష్టపడి నా కేసే గట్టి చేశావు."

 చలమయ్య మాటలో తప్పు లేదు. అది కూడా ఒక దారే. తొమ్మిదేళ్ల కిందట కూడా ఈయన ఇంతే, ఎదుటివాడి రుజువుని తీసుకుని వాడినే కొట్టేవాడు. మార్క్ నోటుపుస్తకం తెరిచి, రాసినవన్నీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.

అప్పుడే గదిలో ఎక్కడో టింగుమని మోగింది.

గోపాలకృష్ణ చొక్కా జేబులోంచి ఫోను తీసి చూసి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. దాంట్లో ఏమీ రాలేదని మొహమే చెప్పింది. తర్వాత ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, ఇంకో ఫోను సగం పైకి లాగి, వంగి చూశాడు. చూసిన వెంటనే లోపలికి తోసేశాడు. మార్క్ అలవాటు కొద్దీ గడియారం చూసి రాసుకున్నాడు. పదకొండూ నలభై ఏడు.

మిల్లుకి లారీ వచ్చిందట, పోవాలన్నాడు గోపాలకృష్ణ. కారు మళ్లీ పంపిస్తానని చలమయ్యకి చెప్పాడు. రెబ్కా భుజం మీద చెయ్యి వేసి, ధైర్యంగా ఉండమన్నాడు. మజ్జిగ లోటా కుర్చీ కింద అట్లాగే ఉంది, ఒక గుక్క కూడా తాగలేదు. కారు కదిలేసరికి పదకొండూ యాభై.

కారు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మార్క్ కదల్లేదు. ఆ తర్వాత గఫూర్ పక్కన కూర్చున్నాడు.

"తెరుచుకున్నవి కంపెనీ పంపింది. తెరుచుకోనివి ఎక్కడుంటాయి?"

గఫూర్‌కి మొదట అర్థం కాలేదు. గొంతు సరిపోలేదని పెట్టె తిప్పికొట్టినవి, అన్నాడు మార్క్. అవి కూడా ఉంటాయట. జనం ఫిర్యాదు చేసినప్పుడు విని చూడటానికి కంపెనీ వాటిని లైను ఇచ్చేవాళ్ల పేజీలో పెడుతుందట. కానీ ఇది కాయల సీజను. పొద్దుటి నుంచి తూములపాడు ఒక్క ఊళ్లోనే మూడొందలు దాటి ఉంటాయి, వాటినెవరూ చూడరన్నాడు. పోలీసులు అడిగింది కూడా తెరుచుకున్నవే.

ఆ పేజీ తెరవడానికే పది నిమిషాలు పట్టింది. సిగ్నల్ పోతోంది, వస్తోంది. పైగా గఫూర్ కంగారులో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు.

"నీది గొంతుతో తెరుచుకోదా?" అన్నాడు మార్క్.

"మాకు పాస్‌వర్డే సార్. గొంతు నమ్మకం కాదని కంపెనీ వాళ్లు మాకు పెట్టలేదు."

మార్క్ పళ్లు కొరుక్కున్నాడు. నమ్మకం లేని తాళాన్ని కూలివాళ్ల ఇళ్లకి తగిలించి, తమ ఇంటికి మాత్రం వేరే తాళం వేసుకున్నారు. దాని గురించి తర్వాత చూద్దామనుకున్నాడు. చలమయ్య లేచి, ఇంకెంతసేపు ఈ ఆట అంటూ గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. కారు ఇంకా రాలేదని రోడ్డు వైపు చూస్తున్నాడు.

పన్నెండూ రెండుకి పేజీ తెరుచుకుంది. వరసలు వరసలుగా ఎర్ర అక్షరాలు. గఫూర్ ఫెబా ఫోను నంబరు కొట్టి వెతికాడు. మూడు వరసలు మిగిలాయి.

పదకొండూ నలభై ఒకటి. గొంతు సరిపోలేదు.

పదకొండూ నలభై నాలుగు. గొంతు సరిపోలేదు.

పదకొండూ నలభై ఏడు. గొంతు సరిపోలేదు.

"ఇవాళా?" అన్నాడు చలమయ్య. అతని కాళ్లు ఆగిపోయాయి.

మార్క్ మొదటిది పెట్టమన్నాడు. ముందు ఒక మర మోత వినిపించింది, దూరంగా, ఆగకుండా. ఆ మోత మీద ఎవరో గొంతు చించుకున్నట్టు ఒక మాట. గాలి ఎక్కువ, మాట తక్కువ. మగ గొంతో ఆడ గొంతో కూడా తెలియదు. వాళ్లకి అర్థమైంది ఆ మాట తెలుసు కాబట్టే.

"అమ్మా... నేనొచ్చేశా..."

రెబ్కా గోడ దగ్గరి నుంచి వచ్చి లాప్‌టాప్ ముందు నేల మీద కూలబడింది.

"ఇదన్నయ్యా నా బిడ్డ. నిన్నటిది కాదు. ఇదీ నా బిడ్డ."

గొంతు గలగలా ఉన్నదాన్ని పెట్టె నమ్మింది. నిజంగా ప్రాణంతో ఉన్నదాన్ని మూడుసార్లు కాదు పొమ్మంది.  ఫెబాకి తెలుసు, తన అకౌంట్ వేరే చోట తెరుచుకుంటే ఇంటి టీవీ మీద ఊరి పేరు పడుతుంది. చేతిలో ఫోను లేదు. అరుద్దామంటే గొంతు లేదు, అరిచినా ఆ మర మోతలో ఎవరికీ వినపడదు. దొరికింది ఒక రిమోట్. ఎంత దగ్గొచ్చినా ఆపుకుని, మూడేసి నిమిషాలు సేద తీర్చుకుని మరీ పలికింది.

"ఏ పెట్టె ఇది? ఎక్కడుంది?"

గఫూర్ పెట్టె నంబరు చదివాడు. చదివి ఆగిపోయాడు. దసరాకి ముందు తనే బిగించానన్నాడు. ఎక్కడో చెప్పమంటే, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"గోపాలకృష్ణ గారి మిల్లు సార్. గోడౌన్ పైన వాచ్‌మన్ గది."

 మర మోత అనగానే ఇవాళ పదకొండున్నరకి మర వేస్తారన్న మాట మార్క్‌కి గుర్తొచ్చింది. నోటుపుస్తకం తిప్పాడు. ఆదివారం మెయిన్ స్విచ్ తీసేసి ఉంది. పిల్ల అక్కడే ఉన్నా టీవీకి కరెంటు లేదు. ఇవాళ కరెంటు వచ్చిన పదకొండు నిమిషాలకి మొదటిసారి పలికింది.

"మూడుసార్లు తప్పితే ఏమవుతుంది?" అన్నాడు గఫూర్‌తో.

"ఎవరో మీ అకౌంట్ తెరవాలని చూస్తున్నారు జాగ్రత్త అని మెసేజ్ పోద్ది సార్. ఆ తర్వాత తప్పిన ప్రతిసారీ పోద్ది."

"ఎక్కడికి?"

"అకౌంట్‌లో ఉన్న ఫోనుకి. అంటే... ఫెబా ఫోనుకి."

మార్క్ నోటుపుస్తకం తెరిచి చలమయ్య కళ్ల ముందు పెట్టాడు. ఆ పేజీలో చివరి వరస ఇట్లా ఉంది. పదకొండూ నలభై ఏడు, టింగు, గోపాలకృష్ణ, రెండు ఫోన్లు.

"మీ పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది ఆ ఫోను," అన్నాడు. "మీరు వాడి కార్లో వచ్చారు."

చలమయ్య మొహం నల్లబడింది. అయినా పాత బుద్ధి ఊరికే పోలేదు. ఆయన పెద్ద మనిషనీ, మిల్లు సోదా చేయాలంటే పైవాళ్లకి చెప్పాలనీ, కారణం ఏం రాయాలనీ ఏదో గొణిగాడు. మార్క్ సంచిలోంచి చున్నీ లాగి అతని ఒళ్లో పడేశాడు.

"ఇది రాయండి. మిరపకాయ మరక ఎండకి రెండు రోజుల్లో పోద్ది. ఈ జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు, మీకూ తెలుసు. ఇది సబ్బుకీ పోలేదు, మూడు రోజుల ఎండకీ పోలేదు. వాడు కారంలో బట్టల రంగు కలుపుతున్నాడు. పిల్ల శుక్రవారం ఆ రంగులో చెయ్యి పెట్టింది. శనివారం క్యారేజీ వంకతో వెనక్కి పోయింది చూద్దామని."

రెబ్కా నేల మీంచే తలూపింది. శుక్రవారం రాత్రి ఫెబా చేతులు చూపించి, ఇది కాయ రంగు కాదమ్మా అని సైగలతో చెప్పిందట.   ఊరుకోవే, మనకెందుకు అన్నానంది. అన్నానని మళ్లీ మళ్లీ అంది.

మార్క్ అప్పటికే తన కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.  చలమయ్య ఫోను తీసి స్టేషన్‌కి కొట్టాడు. స్టేషన్ పద్నాలుగు కిలోమీటర్లు. ఇక్కడి నుంచి మిల్లు ఎనిమిది, కానీ రోడ్డు నిండా మిర్చి యార్డుకి పోయే కాయ ట్రాక్టర్లు. ఎంత తోలినా పదిహేను, ఇరవై నిమిషాలు. గోపాలకృష్ణ బయల్దేరి ఇప్పటికి పద్దెనిమిది నిమిషాలు అయింది.

"సార్," అన్నాడు గఫూర్.

పేజీ మీద కొత్తగా ఒక ఎర్ర వరస పడింది. పన్నెండూ ఎనిమిది. గొంతు సరిపోలేదు. వాళ్లు చూస్తుండగానే దాని కింద ఇంకొకటి పడింది. పన్నెండూ తొమ్మిది.

మార్క్ గుమ్మంలో ఆగి, రెండోది పెట్టమన్నాడు.

ఈసారి ఆ పిల్ల తన మాట పలకలేదు. పెట్టె తెరుచుకోదని ఆమెకి అర్థమైపోయినట్టుంది. అయినా అవతల ఎవరో ఒకరు వింటారని నమ్మి, రిమోట్‌ని నోటికి ఆనించుకుని, ఆ మిగిలిన గొంతుతోనే చెప్పింది.

"అమ్మా... మిల్లు... పైగది..."

దగ్గు వచ్చింది. దగ్గు వెనక ఇనప మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు గొళ్లెం లాగిన చప్పుడు. అప్పుడు, చాలా దగ్గరగా, తలుపు అవతలే అన్నంత దగ్గరగా, టింగుమని మోగింది. పన్నెండూ ఎనిమిదికి తప్పినదాని మెసేజ్ అది. పదకొండూ నలభై ఏడుకి ఈ గదిలో మోగిన ఫోనే.

ఎనిమిది సెకన్లకి రికార్డు ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి.

గొంతు సరిపోలేదు. ఈ ప్రయత్నం గురించి మీ ఫోనుకు సందేశం పంపించాం.